మూట కట్టే చేతులకు గుర్తింపు ఏది?

పండుగ వెళ్ళిన వారంలో మన ఇళ్ళన్నింటా జరిగే పని ఒకటుంది. బీరువా తెరిచి, పిల్లలకు పొట్టి అయినవి, రంగు వెలిసినవి, అంచు చిరిగినవి ఏరి మూట కడతాము. ఆ మూటను స్టీలు సామాన్లు తెచ్చే ఆమెకిచ్చి ఒక గిన్నె తీసుకుంటాము. లేదా మస్జిదు గుమ్మం దగ్గర పెట్టి సదఖా చేశామని తృప్తి పడతాము. ఆ తరువాత ఆ మూట ఎక్కడికి పోతుంది, ఎవరి బ్రతుకు దానిమీద ఆధారపడి ఉంది అని మాత్రం అడగము. ఈ మాసం ఆ ప్రశ్ననే పాఠకుల ముందుంచుతున్నాము.

మూట విప్పిన చోటే అసలు శ్రమ మొదలవుతుంది. తొడుక్కోదగినవి ఒక గుట్ట, తుడుపు గుడ్డలకు పనికివచ్చే నూలుబట్ట ఒక గుట్ట, చిరుగుపాతలు మరొక గుట్ట. గుండీలు, జిప్పులు ఊడదీయాలి. నూలునూ పాలియెస్టరునూ చేతి స్పర్శతోనే వేరుచేయాలి. ఆపైన ప్రెస్సులో అదిమి, బిగించి బేళ్ళు కడతారు. విడిగా వేస్తే లారీ నిండా పట్టే బట్ట, అదిమి కడితే కొద్దిపాటి చోటులో ఇమిడిపోతుంది. దూరప్రాంతాలకు ఈ సరకు పంపడం గిట్టుబాటయ్యేది అందువల్లనే. హర్యానాలోని పానిపట్టులో ఇటువంటి పాతబట్టలను రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, పీచు తీసి, మళ్ళీ నూలు వడికి దుప్పట్లు నేస్తున్నారు. రంగుల వారీగా వేరుచేసినందువల్ల కొత్తగా అద్దకం వేసే ఖర్చు చాలావరకు తప్పుతుంది. అంటే ఆ పరిశ్రమ లాభానికి పునాది యంత్రం మాత్రమే కాదు, ఏరివేసే చేయి కూడా.

మంగళగిరికి ఈ విద్య కొత్తదేమీ కాదు. నిజాం అంచు చీరలకు పేరుపడిన ఈ ఊరిలో పాత నూలుచీర ఏనాడూ చెత్త కాలేదు. పొరలు పొరలుగా కుట్టి బొంత చేశారు, బాలింతకు పక్క చేశారు, పసిబిడ్డకు పొత్తిగుడ్డ చేశారు. గట్టిపడిన పరుపు దూదిని మళ్ళీ ఏకి మెత్తబరచిన వారు మన నూర్‌బాషా సోదరులు. ‘రీసైక్లింగ్’ అనే మాట మన చెవిన పడకముందే తరతరాలుగా ఆ పని చేసినవారు దూదేకులవారు. ఫోము పరుపులు వచ్చాయి, విల్లు మూలన పడింది. కొందరు యంత్రాన్ని బండికెక్కించుకొని వీధివీధీ తిరుగుతున్నారు. మరికొందరు వేరే కూలిపనులకు మళ్ళారు.

ప్రభుత్వం వీరిని ఎక్కడ గుర్తించింది? రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లు బి గ్రూపులో ఉన్నాయి. కాని 2023 సెప్టెంబరులో కేంద్రం ఆరంభించిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దూది ఏకే వృత్తి లేదు. దర్జీ ఉన్నాడు, రజకుడు ఉన్నాడు, బట్టకు రెండో జన్మ ఇచ్చేవాడు లేడు. ఒక్క పేరు చేరకపోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. జాబితాలో పేరు లేనివాడికి పనిముట్ల సాయమూ, తక్కువ వడ్డీ రుణమూ ఆ పథకం క్రింద అందవని మరువరాదు.

పాతబట్ట ఇప్పుడు నగరాలకు ఏకు మేకైన సమస్య. పాలియెస్టరు కలిసిన గుడ్డ మట్టిలో త్వరగా కలవదు. రేపో మాపో మన ప్రాంతంలోనూ పెద్ద యంత్రాలు వస్తాయి, టెండర్లు పిలుస్తారు. మేము యంత్రానికి వ్యతిరేకులము కాము. మా ఆందోళన ఒక్కటే: మూట కాంట్రాక్టరు గోదాముకు చేరి, మూట మోసినవాడు గేటు బయట నిలబడరాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్త ఏరేవారిని గుర్తించి, వారిని వ్యవస్థలో భాగం చేయమని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2021లో ఏర్పడిన మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ ఈ నియమాన్ని పాతబట్టల పనివారికీ వర్తింపజేయాలని కోరుతున్నాము.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. పత్తి ధూళి ఊపిరితిత్తులకు తెచ్చే బిసినోసిస్‌ను చట్టం వృత్తివ్యాధిగా గుర్తించింది. అయితే ఇంటి వసారాలో నలుగురు ఆడవారు కూర్చొని పీలికలు ఏరేచోటికి ఆ చట్టం నడిచి రాదు. ఇ.ఎస్.ఐ. సాధారణంగా పదిమంది పనిచేసే చోటికే వర్తిస్తుంది. ముస్లిం కార్మికులలో స్వయం ఉపాధి, ఇంటిపట్టు పని ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. రక్షణ లేనిది సరిగ్గా అక్కడే.

కనుక మా కోరికలు నాలుగు. దూది ఏకే వృత్తిని విశ్వకర్మ జాబితాలో చేర్చాలి. పాతబట్టలు సేకరించి, వేరుచేసేవారికి నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులు ఇవ్వాలి. ఏరే చోట మాస్కులు, గాలి, వెలుతురు, ఏటా వైద్య పరీక్ష ఉండాలి. వేరుచేసి బేళ్ళు కట్టే ప్రెస్సును సహకార పద్ధతిన పెట్టుకోవడానికి మైనారిటీల ఆర్థిక సంస్థ ముందుకు రావాలి. సొంత ప్రెస్సు, సరైన కాటా చేతిలో ఉంటే దళారి చెప్పిన ధరకు తలవంచే అవసరం తగ్గుతుంది.

ప్రభుత్వాన్ని అడిగిన నోటితోనే మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. వెనుక సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడిన దూదేకుల సోదరుణ్ణి, పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి ‘వాళ్ళు వేరు’ అని దూరం పెట్టలేదా? తూకంలో తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తున్నదని ఖుత్బాలో విన్న వ్యాపారి, గోదాములో కిలో లెక్కన కూలి కట్టేటప్పుడు ఆ మాట గుర్తుంచుకుంటున్నాడా? మనకు ఇస్తే కళ్ళు మూసుకొని తప్ప తీసుకోలేని వస్తువును దానం చేయవద్దని అల్ బఖరా సూరా 267వ ఆయతు చెబుతున్నది. మాసిన బట్టను మూటలో కుక్కి మస్జిదు మెట్ల మీద వదిలినప్పుడు మనం ఆ ఆయతుకు ఎటువైపు ఉన్నాము?

వచ్చే మూటను ఉతికి, మడతపెట్టి ఇద్దాము. తీసుకొనేవారి పేరు అడిగి తెలుసుకుందాము. ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలో ఈ పనిచేసే కుటుంబాల జాబితా ఒకటి రాసి, నగరపాలక సంస్థ చేతిలో పెట్టాలి. కాగితం మీదికి ఎక్కని మనిషికి హక్కు దక్కడం కష్టమని కార్యాలయాల చుట్టూ తిరిగినవారందరికీ తెలుసు. ఆ కాగితం రాయడం మన చేతిలో ఉన్న పని. అది ఈ నెలలోనే మొదలు కావాలి.