బెల్టు మీది భోజనం

1998లో శిక్షణ నిమిత్తం ఒసాకా వెళ్ళిన మా బృందానికి దినభత్యం స్వల్పం. ఆకలి మాత్రం స్వల్పం కాదు. అందుచేత సాయంత్రాలు చౌకగా దొరికే ‘కైతెన్ జుషి’ శాలలనే ఆశ్రయించేవాళ్ళం. అక్కడ సుషీ పళ్ళాలు సెకనుకు సుమారు 8 సెంటీమీటర్ల వేగంతో కన్వేయర్ బెల్టుపై మన ముందు నుంచి సాగిపోతుంటాయి. నచ్చినది తీసుకోవడమే. పళ్ళెం రంగును బట్టి ధర. చివర ఖాళీ పళ్ళాలు లెక్కించి బిల్లు వేస్తారు. బీరు కర్మాగారంలో సీసాల కదలిక చూసి యోషియాకి షిరాయిషి 1958లో ఈ పద్ధతి ప్రారంభించారట. నిత్యం బెల్టులతోనే కాపురం చేసే మాబోటి వారికి ఆ ఊహ తట్టనేలేదు!

మాలో ఒకరు శుద్ధ శాకాహారి. కీరదోస సుషీతో విసిగి, పక్క దుకాణంలో ఉడాన్ నూడుల్స్ రసానికి అలవాటుపడ్డారు. వారం గడిచాక, ఆ రసానికి మూలం ఎండుచేప తురుమని మాకు తెలిసింది. చెప్పాలా, వద్దా? రెండు రోజులు తర్జనభర్జనలు పడి చివరకు చెప్పాం. ఆయన మౌనంగా విన్నారు. మిగిలిన రోజులు గదిలోనే అన్నం వండుకుని, వెంట తెచ్చుకున్న మాగాయతో గడిపారు. రెండు రోజులు ఎందుకు ఆగారని మాత్రం తిరుగు ప్రయాణంలో విమానంలో అడిగారు.