మన గుమ్మము ముందరి గుట్టలు

విహారయాత్ర యనగానే మన పాఠశాలలలో మొదట వినవచ్చు పేర్లు హంపి, అజంతా, ఎల్లోరా. అవి చూడదగినవే, కాదనువారు లేరు. కాని ఉప్పలులోను, నాచారములోను చదువుకొను బాలబాలికలలో ఎందరు మౌలాలి గుట్ట నెక్కియుందురు? ఇంటి మేడపై నిలిచిన కనబడు కొండ అది. నాచారమునుండి మూడు నాలుగు కిలోమీటర్లకు మించి దూరముండదు. దూరపు కొండలు నునుపు అను సామెత మనయెడ నిజమగుచున్నది.

ఎనిమిదవ తరగతి విద్యార్థుల తొలి చారిత్రక యాత్ర ఇంటి చెంతనున్న గుట్టలకే జరుగవలెనని నా అభిప్రాయము. అదియు చిన్న యాత్ర కావలెను. ఒక దినమున ఒక గుట్ట. వెంట విషయము తెలిసిన మార్గదర్శకుడు ఒకడు. ఒకే పగటిలో నాలుగు స్థలములు చూపించి, సాయంకాలమునకు పిల్లలను అలసట తప్ప మరేమియు మిగులకుండ ఇంటికి చేర్చు యాత్రలు నాకు రుచింపవు.

గుట్ట నెక్కుటకు ముందు దాని రాతిని చూడవలెను. హైదరాబాదు చుట్టునున్న నల్లరాతి బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లను చూచి ఏ రాక్షసుడో ఎత్తి పెట్టెనని పిల్లలు తలంతురు. నిజమునకు ఆ బండ భూమిలోపల నున్నప్పుడే పగుళ్లు వారినది. ఆ పగుళ్లలోనికి నీరు దిగి, రాతి అంచులను మెల్లమెల్లగా మెత్తపరచినది. పైమన్ను వానలకు కొట్టుకొనిపోగా, గుండ్రని రాళ్లు ఉన్నచోటనే నిలిచిపోయినవి. ఇట్టి విషయములను పరిశోధించు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో స్థాపితమై ఉప్పలులోనే యున్నది.

ఇక మౌలాలి గుట్ట. మెట్లు నాలుగువందలకు పైగా నున్నవి. శిఖరముపై హజ్రత్ అలీ పేర వెలసిన దర్గా కలదు. కుతుబ్‌షాహీ ఆస్థానమునందలి యాకూత్ అను సేవకునకు 1578లో కలలో అలీ ఈ గుట్టపై దర్శనమిచ్చెననియు, మేలుకొని వెదకగా రాతిపై హస్తముద్ర కనబడెననియు ఐతిహ్యము. అది విని ఇబ్రహీం కుతుబ్‌షా అచట కట్టడము నిర్మింపజేసెనని చెప్పుదురు. మార్గదర్శకుని నేర్పు ఇచటనే తెలియును. ఇది జనులు నమ్ముకొనుచు వచ్చిన కథ, ఇది చరిత్రకు ఆధారమున్న మాట అని రెండింటిని వేరుపరచి చెప్పవలెను. కథను తేలిక చేసి నవ్వరాదు. కథనే చరిత్రయని పిల్లలచే వ్రాయింపను రాదు. ఆ కథవలననే గదా నాలుగు శతాబ్దములకు పైగా అన్ని మతములవారు ఆ మెట్లు ఎక్కుచున్నారు!

గుట్ట పాదమున మరియొక సమాధి కలదు. ఉర్దూ కవయిత్రి మహలఖాబాయి చందా (1768–1824) తన తల్లికొరకు అచట తోటలో సమాధిని కట్టించెను. తుదకు తానును ఆ చెంతనే విశ్రమించెను. సొంత కవితలను దివానుగా కూర్చిన తొలి ఉర్దూ కవయిత్రులలో ఆమె ముఖ్యురాలు. యాత్రికులలో అధికులు మెట్ల తొందరలో ఈ తోటను విడిచిపోవుదురు. ఆమె కాలమునకు రెండువేల యేండ్లకు పూర్వమే ఈ గుట్ట పరిసరములలో ఇనుము వాడుక తెలిసిన జనులు తమ మృతులను పెద్ద రాళ్ల నడుమ పూడ్చిరి. ఆ సమాధులను నిజాము ప్రభుత్వ కాలమున పురావస్తు శాఖవారు త్రవ్వి చూచిరి. సుల్తానులకన్న, కవయిత్రికన్న ముందు ఇచట ఊరొకటి ఉండెనన్నమాట.

రెండవ దినమున మూసీ దాటి చైతన్యపురికి పోవచ్చును. అచట నరసింహస్వామి గుడియున్న గుట్టపై ఒక బండమీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనమున్నది. విష్ణుకుండిన రాజగు గోవిందవర్మ కాలమునాటి బౌద్ధ విహారమును అది పేర్కొనుచున్నది. ఇప్పుడు చుట్టును ఇండ్లు క్రిక్కిరిసినవి. శాసనమును చూపువాడు లేనిచో దాని ప్రక్కనే నడిచిపోవుదుము.

నాకు అన్నింటికన్న ప్రియమైనది కీసరగుట్ట. శిఖరమున రామలింగేశ్వరాలయము, ఆవరణమంతట చెదరిన శివలింగములు, విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడముల పునాదులు, కోటగోడ అవశేషములు — ఇవి యందరును చూతురు. కాని అచట ఒక గుండుపై ‘తొలుచువాండ్రు’ అని చెక్కియున్నది. లిపినిబట్టి అది 5వ శతాబ్దిదని పండితులు నిర్ణయించిరి. తెలంగాణములో లభించిన అతి ప్రాచీనమైన తెలుగు మాటలలో ఇది యొకటి. రాతిని తొలుచు పనివారని దాని యర్థము. రాజు బిరుదు కాదు, దేవుని పేరు కాదు; ఉలి పట్టిన కూలివారి పేరు! పదునైదు శతాబ్దముల పిమ్మట ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఆ మాటను ఎవరి సాయమును లేక అర్థము చేసికొనగలడు. ఇట్టి ఆనందము ఏ దూరదేశపు యాత్ర యిచ్చును?

వరంగల్లు మార్గమున భువనగిరి కోట మిగిలినది. ఏకశిలయగు ఆ కొండపై పశ్చిమ చాళుక్య రాజగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు (1076–1126) కోట కట్టించెను. 1708లో సర్వాయి పాపన్న ఆ ఊరిపై దాడి సలిపెను. కొండ జారుడు, చిన్నతరగతులవారిని తీసికొనిపోరాదు.

ఊరు పెరుగుచున్నది, రాయి కొట్టక ఇల్లెట్లు కట్టుదుమని కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. శాసనముగాని సమాధిగాని లేని చోట కొట్టుకొనవచ్చును. కాని ఉన్నదో లేదో చూడకముందే మందుపెట్టి పేల్చినచో ఆ ప్రశ్నకు బదులు చెప్పువాడెవడు? అడవిని మరల నాటవచ్చును; గుండును మరల పుట్టింపలేము. ఈ కారణముననే 1996లో హైదరాబాదు పౌరులు కొందరు శిలారక్షణకై సంఘము నేర్పరచుకొనిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము వారసత్వ సంపద రక్షణకు చట్టము చేసెను. చట్టము పట్టికలో నున్నవానినే కాచును. పట్టిక కెక్కని గుండ్లు మన చుట్టును ఎన్నియో కలవు. వానిపై సున్నముతోను, రంగుతోను తమ పేర్లు వ్రాసికొనువారు మరియొక జాతి. తొలుచువాండ్రు పని చేసి పేరు చెక్కిరి. వీరు ఏ పనియు చేయకయే వ్రాసిరి.

పోదలచినవారు మాఘ మాసమునకు లోపల పోవలెను. తెల్లవారగనే బయలుదేరి, నీళ్ల సీసా, ఒక నోటుపుస్తకము, పెన్సిలు వెంట నుంచుకొనవలెను. ఎండ ముదిరినపిమ్మట బండ కాలుటకు మొదలిడును. అంతకు ముందే మెట్లు దిగి క్రిందికి రావలెను.