ఉన్నంత కళ్ళే గీయండి

2004 డిసెంబరు. ఢిల్లీ అక్బర్ రోడ్డులో కాంగ్రెస్ కేంద్ర కార్యాలయం ముందు పూలు కప్పిన వాహనం ఆగింది. అందులో పీవీ నరసింహారావు భౌతికకాయం. ఐదేళ్ళు దేశానికి ప్రధాని, ఆ పార్టీకే అధ్యక్షుడు. గేటు తెరుచుకోలేదు. నాయకులే బయటికి వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. చివరికి హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున చితి అంటుకుంది.

2024 ఫిబ్రవరి 9. అదే మనిషికి భారతరత్న ప్రకటించారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ పంతొమ్మిదేళ్ళలో పీవీ కొత్తగా ఒక్క మంచీ చేయలేదు, పాత తప్పు ఒక్కటీ దిద్దుకోలేదు. పోయిన మనిషి ఏం చేయగలడు? మారింది తూచేవాళ్ళ అవసరం. అందుకే అడుగుతున్నాను, ఆ తక్కెడ మీరు పట్టండి.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు మన పెద్దవాళ్ళు. చావింట్లో ఆ మాట మర్యాదే. ఏడుస్తున్న ఇంటివాళ్ళ ముందు ఎవరం లెక్కలు తీయం. కానీ దినవారాలు ముగిశాక దేశం లెక్క చూసుకోవాలి. ఇప్పుడైతే పాడె లేవకముందే ఫోన్లలో తీర్పులు వచ్చేస్తున్నాయి. ఒకరికి దేవుడు, ఇంకొకరికి రాక్షసుడు. వచ్చినదాన్ని వచ్చినట్టు పక్కవాడికి పంపేసి, నా అభిప్రాయం చెప్పానని అనుకోకండి. అది ఎవరో కట్టిన మూట, మీరు మోశారంతే.

మూట విప్పి చూడండి. 1991 జూన్‌లో పీవీ ప్రమాణం చేసేనాటికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకే సరి. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో బయటి దేశానికి చేర్చి తాకట్టు పెట్టింది. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్ళిననాడు అమ్మ మొహం చూసినవాళ్ళకు ఆ బరువు తెలుస్తుంది. మన్మోహన్ సింగ్‌కు ఆర్థికశాఖ ఇచ్చి, లోక్‌సభలో మెజారిటీ లేని ప్రభుత్వంతోనే, జూలై 24న చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తీసేశారు. ఇవాళ మీరు దరఖాస్తు పెడుతున్న ఉద్యోగాల్లో ఎన్నిటికో దారి అక్కడ పడింది. జమ వైపు రాయండి. చెయ్యి వణకనక్కర్లేదు.

ఇక రెండో వైపు. 1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు మాట ఇచ్చింది. పీవీ ఆ మాట నమ్మారు. కేంద్ర బలగాలు దగ్గర్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం మొదలైన కూల్చివేత సాయంత్రానికి అయిపోయింది; రాష్ట్రపతి పాలన ఆ తర్వాత వచ్చింది. ఆపై ఒక్క ముంబయి అల్లర్లలోనే 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ తేల్చింది. ఎన్నికైన ప్రభుత్వాన్ని అనుమానం మీద ఎలా తీసేస్తామన్నది పీవీ వాదన. ఆయనే రాసిన, ఆయన పోయాక వచ్చిన అయోధ్య పుస్తకం తెచ్చుకుని చదవండి. ఆయన చెప్పింది పూర్తిగా విన్నాకే అడగండి: నమ్మి కూర్చునే హక్కు మామూలు మనిషికి ఉండొచ్చు, ప్రధానికి ఉంటుందా?

ఇంకొక పుట తిప్పండి. 1993లో అవిశ్వాసం నుంచి ప్రభుత్వాన్ని గట్టెక్కించడానికి ఎంపీలకు డబ్బిచ్చారన్న కేసు. 2000లో ప్రత్యేక కోర్టు పీవీని దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. తిట్టేవాళ్ళు 2000 దగ్గరే ఆగిపోతారు. పొగిడేవాళ్ళు 2002 నుంచే మొదలుపెడతారు. మీరు రెండూ చదవండి. లంచం తీసుకుని సభలో ఓటు వేసిన ఎంపీకి రక్షణ ఉందని ఆ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టేసింది. భారతరత్న ప్రకటించి అప్పటికి నెల కూడా తిరగలేదు!

"ఎంతైనా మనవాడు కదా" అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో ఆయన మీద ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదంటే, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న అభిమానమే. ఆ అభిమానం గుండెలో ఉండనివ్వండి. తక్కెడలోకి మాత్రం రానివ్వకండి.

కొట్టు లెక్కలో జమలోంచి ఖర్చు తీసేసి నిలవ చూపిస్తారు. మనిషి లెక్క అలా కుదరదు. కోటిమందికి అన్నం పెట్టిన చెయ్యి అయినా సరే, దాని మూలంగా తండ్రిని పోగొట్టుకున్న పిల్లకు ఆ అన్నం జవాబు కాదు. ఆ పిల్ల కన్నీళ్ళు నిజమే కాబట్టి కోటిమంది అన్నం అబద్ధమూ కాదు. రెండు పద్దులూ పక్కపక్కనే, కొట్టివేతలు లేకుండా ఉంచగలగడమే ధైర్యం. అది మీకుంది.

గ్రంథాలయానికి వెళ్ళండి, ఆనాటి పత్రికలు తిరగేయండి. పార్లమెంటు చర్చలు, కమిషన్ నివేదికలు చదవండి. లాభపడ్డవాళ్ళనీ అడగండి, నష్టపోయినవాళ్ళనీ అడగండి. అప్పుడు చారెడు కళ్ళూ వద్దు, గుడ్డి కళ్ళూ వద్దు, ఉన్నంత కళ్ళే గీయండి.

పోయినవాళ్ళకు మన తీర్పు చేరదు. కానీ ఇవాళ కుర్చీల్లో ఉన్నవాళ్ళు మనల్ని గమనిస్తున్నారు. ఒక్క దండతో అన్నీ మరిచిపోతామా, ఒక్క మచ్చతో అన్నీ తుడిచేస్తామా అని చూస్తున్నారు. వీళ్ళు మరిచిపోరు, అబద్ధమూ ఆడరు అన్న నమ్మకం, భయం, రెండూ వాళ్ళకు కలిగించాల్సింది మీరే.