లంచ్ టైమ్‌లో ఆగిన లెక్క

మన ఇళ్లలో కరెంటంటే విద్యుత్తే. సబ్‌స్టేషన్ ఇంజినీర్లకు మాత్రం తీగలో ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయన్నదే కరెంటు. ఆ అంకెతోనే వాళ్లకో చిక్కుంది.

గ్రిడ్‌ను నడిపేవాళ్లు దాన్ని కళ్లతో చూడలేరు. వాళ్లకు కనిపించేవి అంకెలే. ఎక్కడెక్కడి మీటర్లో కొన్ని సెకన్లకోసారి పంపుతుంటాయి. ఏ మీటరూ నూటికి నూరుపాళ్లు నిజం చెప్పదు. ఒకటి కాస్త ఎక్కువ చూపిస్తే ఇంకోటి తక్కువ. మరి దేన్ని నమ్మాలి?

కాలువ సంగతే చూడండి. పెద్దకాలువలో వచ్చిన నీరెంతో పిల్లకాలువల్లోకి పోయేదీ అంతే. లెక్క తేడా వస్తే ఎక్కడో కొలత తప్పన్నమాట. గ్రిడ్‌లోనూ అంతే. అన్ని కొలతలనూ పక్కపక్కన పెట్టి, నమ్మకమైన మీటరు మాటకు ఎక్కువ విలువిచ్చి, మొత్తంమీద తేడా అతి తక్కువగా ఉండే జవాబును కంప్యూటరు వెతుకుతుంది. పొసగని కొలతను పట్టుకుని పక్కన పెడుతుంది. దీన్నే స్టేట్ ఎస్టిమేషన్ అంటారు. ఎంఐటీ ప్రొఫెసర్ ఫ్రెడ్ ష్వెప్పి 1970లో దీనికి దారి వేశారు.

అయితే కాలువ నీరు పల్లానికే పోతుంది. గ్రిడ్ లైన్లో పొద్దున ఇటు పారిన విద్యుత్తు సాయంత్రం అటు మళ్లొచ్చు. ఆమ్మీటరు 400 ఆంపియర్లని చెబుతుందేగానీ ఎటువైపో చెప్పదు. ఒకే అంకెకు రెండు జవాబులు సరిపోయే ప్రమాదముంది. అందుకే పెద్ద లైన్లలో మెగావాట్లు, వోల్టేజీ కొలతలకే పెద్దపీట. ఆంపియర్లది పక్క సాక్ష్యం. 1988లో వర్జీనియా టెక్‌లో అరుణ్ ఫడ్కే బృందం ఫేజర్ కొలత పరికరం తయారుచేశాక ఈ చిక్కు చాలావరకు వీడింది. అది జీపీఎస్ గడియారం ఆధారంగా, కరెంటు ఎంతో చెప్పడమే కాదు, దాని అల ఏ క్షణాన శిఖరానికి చేరిందో కూడా చెబుతుంది.

ఈ లెక్క ఆగితే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న అమెరికాలో తెలిసింది. ఇండియానాలోని గ్రిడ్ పర్యవేక్షణ కేంద్రంలో మధ్యాహ్నం పన్నెండుంబావుకు లెక్క కుదరడం మానేసింది. ఆగిపోయిన ఒక లైను ఇంకా నడుస్తోందని కంప్యూటరు అనుకోవడమే కారణం. అక్కడి నిపుణుడు తప్పు సరిదిద్దాడు. కానీ అయిదు నిమిషాలకోసారి లెక్క దానంతటదే జరిగే ఏర్పాటును తిరిగి ఆన్ చేయడం మరిచిపోయి, భోజనానికి వెళ్లిపోయాడు. రెండూ నలభైకిగానీ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. తీరా ఆన్ చేస్తే, మరో లైను ఆగిన కబురు అందక మళ్లీ లెక్క తప్పింది.

ఈలోగా ఒహాయోలో విద్యుత్ సంస్థ అలారాలు మూగబోయాయి. మూడు పెద్ద లైన్లు ఒకదాని వెంట ఒకటి చెట్లకు తగిలి ఆగిపోయాయి. లెక్క మళ్లీ గాడిన పడేసరికి నాలుగూ నాలుగు. మరో రెండు నిమిషాలకు గ్రిడ్ కూలడం మొదలైంది. అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. అన్నం వేళ అన్నం తినడం ఆయన నేరమా? ఒక్క స్విచ్చు మరిచిపోతే హెచ్చరించని ఏర్పాటుదే అసలు నేరమనిపిస్తుంది.

2012 జులైలో మన ఉత్తరాది గ్రిడ్లు కూలినప్పుడు తెలుగువాళ్లకు ఆ సెగ తగల్లేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో అదీ కలిసింది. ఇప్పుడు మన వీధి దీపానికీ కశ్మీరు దీపానికీ ఫ్రీక్వెన్సీ ఒక్కటే.