నైపుణ్యం ఉన్నది, భద్రత ఏది?

సూరత్ నగరం మన రైల్వే, తపాలా కార్మికులకు కొత్తది కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి ఎన్నో నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మరమగ్గాలను వెదుక్కుంటూ తరలిపోయాయి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వినిపిస్తుంది. పురపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది. ఆ కుటుంబాలను చేరవేసినవి మన రైళ్లు. వారు పంపిన మనియార్డర్లను ఒకనాడు ఇంటింటికీ అందించినది మన తపాలా శాఖ. ఆ నగరంలో మగ్గం కార్మికునికి కూలి మీటరు లెక్కన, వజ్రాలు సానపట్టేవానికి కూలి రాయి లెక్కన. మగ్గం ఆగిన నాడు కూలి ఆగుతుంది. జబ్బుపడిన నాడు ఆ మగ్గం మరొకరి చేతికి పోతుంది.

ఏ పూట పని ఆ పూటదే అయిన ఇటువంటి బ్రతుకుకు ఇప్పుడు ‘గిగ్’ అని ఒక ముద్దుపేరు వచ్చినది. ఎవరికీ కట్టుబడక, ఇష్టమైనప్పుడు పనిచేసే స్వేచ్ఛ అని దానిని పొగుడుతున్నారు. ఈ మాట గత శతాబ్దంలో అమెరికా జాజ్ వాద్యకారుల వాడుక నుండి వ్యాపించినది. ఒక రాత్రి కచేరీకి కుదుర్చుకున్న బేరమే గిగ్. ఆ స్వేచ్ఛ ఏపాటిదో తెలియాలంటే ఆ వృత్తిలోని ఒక జీవితాన్నే పరిశీలించడం మేలని మేము భావిస్తున్నాము.

చార్లెస్ మింగస్ 1922 ఏప్రిల్ 22న ఆరిజోనా రాష్ట్రంలోని నోగేల్స్‌లో జన్మించి, లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ పేటలో పెరిగాడు. మొదట చెల్లో నేర్చాడు. నల్లజాతి యువకునికి పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందాలలో చోటు లేని రోజులవి. కావున మనిషి ఎత్తుకు మించిన బేస్ వాద్యాన్ని చేపట్టాడు. జాజ్ మేళంలో బేస్ స్థానం రైలుకు పట్టాల వంటిది. చూసేవారి కళ్లు ఇంజను మీదనే ఉంటాయి. బరువు మోసేవి మాత్రం పట్టాలు.

ఆయన 1943లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మేళంలో వాయించాడు. 1947–48లో లయొనెల్ హాంప్టన్ మేళంలో పనిచేశాడు. అంతటి వాద్యకారునికి సైతం తరువాత సంగీతంతో పొట్ట గడవలేదు. తపాలా శాఖలో ఉద్యోగానికి కుదిరాడు. 1950లో రెడ్ నార్వో తన బృందంలోనికి పిలిచేనాటికి ఆయన తపాలా ఉద్యోగియే. ప్రపంచం మెచ్చిన కళాకారుని కుటుంబానికి ఆనాడు అన్నం పెట్టినది నెల జీతమున్న తపాలా కొలువు అన్న సంగతి మన పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది.

ఆ తరువాతి జీవితం కూడా ఒక బేరం నుండి మరొక బేరానికి సాగినదే. కంపెనీల దయాదాక్షిణ్యాలపై ఆధారపడరాదని 1952లో మాక్స్ రోచ్‌తో కలిసి డెబ్యూ అనే సొంత రికార్డు సంస్థను స్థాపించాడు. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాలులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, రోచ్‌లతో కలిసి వాయించాడు. నేడు చరిత్రాత్మకమని చెప్పుకునే ఆ కచేరీకి సభ నిండలేదు, నిర్వాహకులు నష్టపోయారు. మింగస్ ఆ టేపును తెచ్చి తన సంస్థ ద్వారా విడుదల చేశాడు. బేస్ ధ్వని సరిగా పడలేదని తన భాగాన్ని మరల వాయించి చేర్చాడు. 1960లో న్యూపోర్ట్ ఉత్సవ నిర్వాహకుల తీరును నిరసిస్తూ రోచ్‌తో కలిసి అదే ఊరిలో పోటీ ఉత్సవం నడిపాడు. 1966లో న్యూయార్క్‌లోని వసతి నుండి ఆయనను ఖాళీ చేయించగా వాద్యాలతో సహా సామాను వీథిన పడింది. 1979 జనవరి 5న, 56వ ఏట, నరాల వ్యాధితో మెక్సికోలో మరణించాడు. ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని భార్య మన గంగానదిలో కలిపింది. రెండు గంటలకు పైబడిన ఆయన మహాకృతి ‘ఎపిటాఫ్’ సంపూర్ణంగా వేదిక ఎక్కినది 1989లో, అనగా మరణించిన పదేండ్లకు.

ప్రతిభ ఒక్కటే మనిషిని కాపాడగలిగితే ఈయనను కాపాడి ఉండవలసినది. మరి ఆ వృత్తిలోని వారికి మేలు చేసినదేమిటి? సంఘటిత శక్తి. 1942 ఆగస్టు 1 నుండి అమెరికా వాద్యకారుల సమాఖ్య సభ్యులు రికార్డులకు వాయించుట మానివేశారు. 1944 నవంబరు నాటికి పెద్ద కంపెనీలు కూడా దిగివచ్చి, అమ్మకాలపై సంఘ నిధికి సొమ్ము చెల్లించుటకు అంగీకరించాయి. ఆ నిధితో ఉచిత కచేరీలు ఏర్పాటు చేసి వాద్యకారులకు పని కల్పించారు. అయితే అదే సమాఖ్యలో, లాస్ ఏంజిలిస్‌లో తెల్లవారికి 47వ శాఖ, నల్లవారికి 767వ శాఖ వేర్వేరుగా ఉండేవి. స్టూడియోలలోని మంచి పనులన్నీ మొదటి శాఖకే దక్కేవి. బడ్డీ కొలెట్, మార్ల్ యంగ్, మింగస్ ప్రభృతులు ఉద్యమించగా 1953లో రెండూ ఏకమైనాయి. సంఘం ఉండుట చాలదు; అందులో అందరికీ చోటుండాలి.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయాన సూరత్ వలస కార్మికులు కూలి లేక, ఊరికి దారి లేక వీథులకెక్కారు. మే 1న మన లింగంపల్లి నుండి హతియాకు తొలి శ్రామిక్ స్పెషల్ కదిలింది. తరువాత సూరత్ నుండి కూడా రైళ్లు బయలుదేరాయి. ఆ రైళ్లను నడిపినవారికి ఆ నెల జీతం ఉన్నది, ఎక్కినవారికి లేదు. ఈ తేడా నైపుణ్యంలోని తేడా కాదు. సంఘబలంతో, 1974 మే సమ్మె వంటి పోరాటాలతో ఏర్పడినది.

సామాజిక భద్రతా కోడు–2020 గిగ్ కార్మికుల పేరును చట్టంలోకి ఎక్కించింది. యాప్ కంపెనీలు టర్నోవరులో 1 నుండి 2 శాతం నిధికి చెల్లించాలన్నది. కాని పేరు ఎక్కినంత మాత్రాన ఉద్యోగి హోదా రాదు. మీటరు లెక్కన నేసేవానికి యాప్ లేదు. కచేరీ లెక్కన వాయించేవానికీ లేదు. యజమాని మారినా భవిష్య నిధి, వైద్య బీమా, వృద్ధాప్య పింఛను మారకుండా కార్మికుని వెంట నడవాలి. మన సమాఖ్య ఈ కోర్కెను తన కోర్కెల పత్రంలో చేర్చవలసినదని మేము కోరుతున్నాము.

ఇది ఇతరులపై దయ కాదు. స్టేషన్లలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు, పల్లెలలో గ్రామీణ డాక్ సేవకులు మన పక్కనే ఉన్నారు. 2004 జనవరి 1 తరువాత చేరిన మన సహోద్యోగులకే పాత పింఛను లేకుండా పోయినది. ఆనాడు మింగస్‌ను ఆదుకొన్న కొలువు వంటిది రేపటి తరానికి మిగలాలంటే, లోపల ఉన్నవారమే బయట ఉన్నవారికి తలుపు తెరవాలి. రాబోయే శాఖా సమావేశాలలోనే ఆ పని ఆరంభం కావాలి.