కొండకు కిటికీ పెడతారట!

సముద్రం పక్క కొండ మీద విల్లా అమ్మే ప్రకటన ఏదైనా తీసి చూడండి. గాజు గోడ ఉంటుంది. నీలం రంగు ఈతకొలను ఉంటుంది. దాని అంచు తెగి సముద్రంలో కలిసినట్టుంటుంది. ఒక్క కొండే కనబడదు. అది కొన్నవాడి కాళ్ల కింద ఉంటుంది మరి. మా పేచీ అక్కడే మొదలవుతుంది.

అలాంటి ఇంటి డిజైనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇక్కడినుంచి ఏం కనబడుతుంది? కొండ మీద తరతరాలుగా బతికిన మన పెద్దలు ముందడిగే ప్రశ్న వేరు: ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి? కొండ నిలవడం, జారడం ఈ రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

విశాఖ తీరంలోని కొండల సంగతే చూద్దాం. అక్కడ ఎక్కువగా ఉండే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు ఆదివాసుల పేరే ఆ రాయికి పెట్టారు. మన బడుల్లో సైన్సు చెప్పే టీచర్లు ఎంతమంది పిల్లలకు ఈ ముక్క చెబుతున్నారు? ఆ రాయికో స్వభావం ఉంది. ఎండకూ వానకూ తొందరగా చివికి ఎర్రమట్టి అవుతుంది. పైన చెట్లూ తుప్పలూ వేళ్లతో పట్టుకున్నంతకాలం కదలదు. పొక్లెయిను పెట్టి నిలువుగా కోస్తే చివికిన పొర బయటపడుతుంది. వాననీరు తాగి బరువెక్కి జారుతుంది.

విల్లాకు చదును కావాలి. అందుకని వాలు పైభాగం తవ్వుతారు, ఆ మట్టిని కిందివైపు పోస్తారు, దాన్ని ఆపడానికి కాంక్రీటు అడ్డుగోడ కడతారు. గోడ వెనక నీరు చేరితే గోడను తోస్తుంది. నీరు పోయే రంధ్రాలు పెట్టకపోయినా, పెట్టినవి పూడిపోయినా గోడ ఉబ్బి విరుగుతుంది. ఇంజనీరుకు ఈ సంగతి తెలుసు. సవరలకు ఆయనకంటే ముందే తెలుసు. కొండవాలు మీద రాళ్లు పేర్చి మడిచెక్కలు తీర్చింది వాళ్లు. సిమెంటు లేదు, సున్నం లేదు. రాళ్ల సందుల్లోంచి నీరు మెల్లగా కారి కింది మడికి అందుతుంది, మట్టి ఉన్నచోటే ఉంటుంది. సవరల ఇళ్లు కూడా వాలు వెంబడి వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చూరు కిందికి దిగి ఉంటుంది, ముందు అరుగు ఉంటుంది. దీన్ని వెనకబాటుతనం అన్నారు. కొండను తొలిచి కట్టినదాన్ని ఆధునికం అంటున్నారు.

మన ఇల్లు తుపానుకు చెక్కు చెదరదని మేం గొప్పలు చెప్పం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో సముద్రం వైపు అద్దాలు పగిలాయి, ఏజెన్సీలో కాఫీ తోటల చెట్లూ కూలాయి. కానీ పడిన మట్టి గోడను ఊరివాళ్లే మళ్లీ లేపుకుంటారు. కోసిన కొండను ఎవరు మళ్లీ లేపుతారు?

2021లో పర్యాటక ప్రాజెక్టు పేరుతో రుషికొండను తవ్వారు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోసిన వాలు ఎర్రగా కనబడుతుంటే దాని మీద పచ్చ మ్యాటు కప్పారు. చెట్టు చేసే పని మ్యాటు చేస్తుందా?

'పోడు కొట్టి కొండలు బోడి చేసింది మీరే కదా' అని ఎదురడుగుతారు. సరే, లెక్క చూద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి మన సాగులో ఉందని గ్రామసభ ముందు రుజువు చూపాలి. ఇచ్చేది నాలుగు హెక్టార్లు దాటదు. దాన్ని అమ్ముకోవడానికి లేదు. తిండిగింజలు పండించే చేతికి ఇన్ని అడ్డంకులు. సముద్రం చూడాలనుకునే కంటికి డబ్బుంటే చాలు.

ఇదంతా మైదానం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. సముద్రం చూపు అమ్మినవాళ్లే అరకులో, లంబసింగిలో మంచు చూపు అమ్మడానికి వస్తారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకూడదని 1/70 చట్టం చెబుతోంది. ప్రభుత్వం కూడా ఆ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వాళ్లు మన పేరు వెతుక్కుంటూ వస్తారు. కాగితం మీద యజమాని మన కుర్రాడు, గేటు దగ్గర వాచ్‌మెనూ మన కుర్రాడే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ సంతకం పెట్టకండి. నాలుగు నోట్లకు పేరు అరువిస్తే ఊరికి గెడ్డ నీళ్లు పోతాయి.

సివిల్ ఇంజనీరింగూ, ఆర్కిటెక్చరూ మనవాళ్లు చదవాలి. చదివి మన కొండమీద మన అవసరానికి గట్టి ఇళ్లు కట్టాలి: వాలును నిలువుగా కోయకుండా, గెడ్డ దారి మూయకుండా, కొండ నెత్తిన చెట్టు తీయకుండా. టీచర్లు పిల్లలను వాన రోజున ఊరి వాలు దగ్గరకు తీసుకెళ్లి నీరు పోయే దారి గీయించాలి. కొండమీద ఇంటికి మొదటి ప్లాను అదే. కిటికీ ఎటు పెట్టాలన్నది ఆ తర్వాత మాట.