మంచుకొండకు తొందర వద్దు

మే నెల ఎండకు తాళలేక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి కొన్ని కుటుంబాలు మనాలి వెళ్తుంటాయి. రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి మంచుమీద స్కీయింగ్ చేయాలని పిల్లల సరదా. వెళ్ళండి, మేము కాదనము. కాని మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు, రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు ఇక్కడికంటే మూడోవంతుకు పైగా తక్కువ. బస్సు దిగిన మరునాడే గుండెజబ్బు ఉన్న నాయనమ్మను కూడా పైకి తీసుకుపోవడం మాకు నచ్చదు. "డబ్బు కట్టేశాం సిస్టరమ్మా" అంటారు! 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ, 13 ఏళ్ళ పిల్ల, వారాల తరబడి ఆగి ఆగి ఎక్కింది. ముందు నాయనమ్మను డాక్టరుగారికి చూపించండి. మనాలిలో రెండు రాత్రులు ఉండండి. పైన ఎవరికైనా తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే మాత్ర వేసి అక్కడే కూర్చోబెట్టకండి, వెంటనే కిందికి దింపండి. బి.పి. మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉంచుకోండి.